మింగలేక కక్కలేక: గుండె నాళాల్లో కాపలా కణాల సంగతి



ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. ఇంతవరకు నేను పాటలు, పొడుపు కథలు మాత్రమే రాసేను. సైన్సు రాయడం ఇదే మొదలు. మా ఇంట్లో బడికి వచ్చినది కూడా నేనే మొదలు. అందుచేత తప్పులుంటే మన్నించండి. కాని చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇది పెద్దవాళ్ళ జబ్బే అయినా మన వయసులోనే మొదలవుతుంది.

మా ఇంటి సంగతి

గత సంవత్సరం చలికాలంలో మా చిన్నాన్న చనిపోయేడు. వయసు 42. సన్నగా ఉండేవాడు. కొండ మీద పోడు చేసేవాడు. సంతకి కావిడి మోసుకొని నడిచి వెళ్ళేవాడు. ఆ రోజు తెల్లవారుజామున గుండెల్లో బరువుగా ఉందన్నాడు. అంత చలిలో చెమటలు పట్టేయి. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. మా వాళ్ళు డోలీ కట్టి రోడ్డుదాకా మోసేరు. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. డాక్టరుగారు గుండె గీతలు తీసే మిషను పెట్టి చూసి, "గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోయింది" అన్నారు.

మా నాయన ఆ మాట విన్నాడు గాని ఊరు వినలేదు. "సన్నటోడికి గుండె జబ్బు ఏటి? నిన్నటిదాకా కావిడి మోసినోడు" అన్నారు. మాట పోయి పోయి ఊరి చివర ఒక్కర్తీ ఉండే ముసలమ్మ మీద పడింది. ఆవిడ నాకు వరసకి అమ్మమ్మ. వారం ముందు గెడ్డ దగ్గర చిన్నాన్నని చూసి, "ఏట్రా, ఈ మధ్య మిట్ట ఎక్కితే ఆయాసపడతన్నావు, గుండె పట్టుకుంటన్నావు" అందట. ఆ మాటే తగిలిందన్నారు. చిల్లంగి పెట్టిందన్నారు. అప్పట్నుంచి ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కలేదు. నేనూ వెళ్ళడం మానేసేను. చిన్నప్పుడు నాకు పనసపిక్కలు కాల్చి పెట్టినది ఆవిడే.

ఈ సంవత్సరం రక్తప్రసరణ పాఠం చెప్తున్నప్పుడు నేను లేచి అడిగేను. "టీచర్, మంచి నాళం ఒక్క రాత్రిలో మూసుకుపోతుందా?" అని. టీచరుగారు కాసేపు ఆగి, "మూసుకుపోవడం ఒక్క రాత్రిలోనే. కాని ఆ జబ్బు మొదలై అప్పటికి చాలా ఏళ్ళయి ఉంటుంది" అన్నారు. తరవాత రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పేరు. నేను రాసుకున్నది ఇక్కడ మీకు రాస్తున్నాను.

ధమని అంటే పైపు కాదు

మా ఊరికి కొండ మీది ఊట నుంచి పైపులో నీళ్ళు వస్తాయి. వానాకాలంలో ఆకులు, బురద పట్టి పైపు పూడిపోతుంది. గుండె నాళం కూడా అలాగే కొవ్వు పట్టి పూడిపోతుందని నేను అనుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారు. అది సగమే నిజం.

గుండె మన ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. కాని దానికీ రక్తం కావాలి. గుండె మీద పాకే కరోనరీ ధమనులు ఆ పని చేస్తాయి. అవి 3, 4 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. అంటే ఇంచుమించు మన బాల్‌పెన్ను రీఫిల్ అంత.

పైపుకి ప్రాణం లేదు. ధమనికి ప్రాణం ఉంది. దాని గోడ మూడు పొరలు. బయట పొర ధమనిని పట్టి ఉంచుతుంది. నడిమి పొర కండరం. లోపలి పొరకి రక్తం తగిలే వైపున ఒకే ఒక్క వరస కణాలు నున్నగా పరిచి ఉంటాయి. మన మట్టి ఇంటి గోడకి అమ్మ ఎర్రమట్టితో, పేడతో అలికితే ఎంత నున్నగా ఉంటుందో అలాగన్నమాట. అలుకు బాగుంటే గోడలోకి చెమ్మ దిగదు. అలుకు దెబ్బతింటే దిగుతుంది. ధమని జబ్బు మొదలయ్యేది పైపులో కాదు, ఆ అలుకు కింద గోడలో.

కాపలా కణాలు ఎవరు?

మన రక్తంలో ఎర్ర కణాలతో పాటు తెల్ల కణాలు ఉంటాయి. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇంచుమించు 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. ఇవే మన కాపలాదారులు. వీటిలో నూటికి 2 నుంచి 8 దాకా మోనోసైట్లు అనే పెద్ద కణాలు. ఇవి రక్తంలో ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు తిరుగుతాయి. ఎక్కడైనా దెబ్బ తగిలిందని కబురు వస్తే రక్తం విడిచి అక్కడికి దిగి, ఇంకా పెద్దవై, స్థూల భక్షక కణాలుగా మారతాయి. మురికిని, క్రిములను, చచ్చిన కణాలను మింగెయ్యడం వాటి పని. మన హాస్టల్లో గదులు ఊడ్చే డ్యూటీ లాంటిదే. డ్యూటీ పడిన అమ్మాయి వస్తుంది, చెత్త ఎత్తుతుంది, పోతుంది.

ఈ మింగే కణాల సంగతి లోకానికి చెప్పిన శాస్త్రవేత్త మెచ్నికాఫ్. రష్యా సామ్రాజ్యంలో పుట్టేడు. 1882 లో ఇటలీలోని మెస్సీనా ఊళ్ళో ఉన్నప్పుడు అద్దంలా కనిపించే నక్షత్ర చేప పిల్లలకి గులాబీ ముళ్ళు గుచ్చి చూసేడు. మర్నాటికి ముల్లు చుట్టూ కణాలు మూగేయి. మనకి కాలిలో ముల్లు దిగితే చుట్టూ వాచి చీము పడుతుంది కదా, అదీ ఇలాంటిదే. 1908 లో ఆయనకి, పాల్ ఎర్లిక్‌కి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చేరు.

ఎలా మొదలవుతుంది?

రక్తంలో కొలెస్ట్రాల్ ఒంటరిగా తిరగలేదు. నీటిలో నూనె కలవదు కదా. అందుకని చిన్న మూటలుగా కట్టుకొని తిరుగుతుంది. ఎల్.డి.ఎల్. అనే మూటలు కొలెస్ట్రాల్‌ని కణాలకి మోసుకెళ్తాయి. హెచ్.డి.ఎల్. అనే మూటలు మిగిలినదాన్ని వెనక్కి కాలేయానికి తెస్తాయి. కణాల గోడలకి కొలెస్ట్రాల్ కావాలి, కాబట్టి అది విషం కాదు. ఎల్.డి.ఎల్. ఎక్కువైతేనే చిక్కు.

ఎక్కువైన ఎల్.డి.ఎల్. మూటలు ధమని అలుకు కిందకి దూరి అక్కడ చిక్కుకుంటాయి. ముఖ్యంగా ధమని వంపు తిరిగే చోట, రెండుగా చీలే చోట. మన గెడ్డ వంపు దగ్గర నీళ్ళు సుడి తిరిగి చెత్త ఆగుతుంది చూడండి, అలాంటి చోట్లే. పొగాకు పొగ, బి.పి., షుగరు అలుకుని పాడుచేస్తే ఇంకా తొందరగా జరుగుతుంది.

గోడలో చిక్కుకున్న కొవ్వు అక్కడే పాడవుతుంది. నూనె చాలా రోజులు ఉంటే సిలుము వాసన వస్తుంది కదా, ఇంచుమించు అలాగే. అప్పుడు అలుకు కణాలు "ఇక్కడ ఏదో పాడయింది, రండి" అని కబురు పంపుతాయి. తమ మీద జిగురు లాంటి పదార్థాలు పెడతాయి. రక్తంలో పోతున్న మోనోసైట్లు ఆ జిగురుకి తగిలి, దొర్లి, ఆగి, రెండు కణాల సందులోంచి ఒళ్ళు నొక్కుకొని గోడలోకి దిగుతాయి. (ఈ బొమ్మ పక్క చార్టులో మా తరగతి అమ్మాయి వేసింది.)

ఇంతవరకు అంతా మంచే. డ్యూటీ వాళ్ళు డ్యూటీకి వచ్చేరు.

మూసుకోని నోరు

ఇక్కడే తేడా వస్తుంది. మామూలు కణానికి ఎల్.డి.ఎల్. తీసుకోవడానికి ఒక తలుపు ఉంటుంది. కడుపు నిండితే ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తలుపుని అమెరికాలో డాలస్ నగరంలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు కనిపెట్టేరు. 1985 లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతో ఆ తలుపు లేని పిల్లలకి రక్తంలో కొలెస్ట్రాల్ విపరీతంగా ఉంటుంది. మన వయసులోనే గుండెపోటు వస్తుంది.

కాని తలుపే లేని పిల్లల్లో కూడా భక్షక కణాలు కొవ్వుతో నిండిపోయి ఉన్నాయి. మరి ఎలా దూరింది? అని వాళ్ళు వెతికేరు. భక్షక కణాలకి ఇంకో తలుపు ఉందని 1979 లో చూపించేరు. మారిపోయిన, పాడయిన ఎల్.డి.ఎల్. ని ఆ తలుపు లోపలికి తీసుకుంటుంది. కడుపు నిండినా అది మూసుకోదు. మురికి ఎత్తే కణం కదా, చాలు అనడం దానికి తెలీదు.

అలా మింగి మింగి దాని ఒళ్ళంతా కొవ్వు బొట్లు నిండుతాయి. సూక్ష్మదర్శినిలో సబ్బు నురగలా కనిపిస్తుంది. అందుకే నురగ కణం అని పేరు. పాతకాలంలోనే, 1913 లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే ఆయన కుందేళ్ళకి పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి తినిపించి, వాటి ధమనుల్లో ఇలాంటి కణాలను చూసేరు.

నురగ కణం మింగినది కక్కలేదు. ఒళ్ళు బరువై అక్కడినుంచి కదలడం కూడా కష్టమవుతుంది. చెత్త ఎత్తడానికి వచ్చిన అమ్మాయి చెత్తతో పాటు ఆ గదిలోనే ఉండిపోయినట్టు. ఇంకా చిక్కు ఏమిటంటే, అది ఊరుకోదు. "ఇంకా రండి, ఇంకా రండి" అని కబుర్లు పంపుతుంది. కొత్త మోనోసైట్లు వస్తాయి. ఉన్న భక్షక కణాలు కూడా అక్కడే రెండుగా చీలి పెరుగుతాయి. టి-కణాలు అనే ఇంకో రకం కాపలా కణాలు కూడా వస్తాయి. వాటిలో కొన్ని భక్షక కణాలను ఇంకా రెచ్చగొడతాయి. కొన్ని మాత్రం "ఇక చాలు" అని శాంతపరుస్తాయి. ఎవరి మాట నెగ్గితే గోడ అలా ఉంటుంది.

ఇలా నురగ కణాలు గుంపు కట్టిన చోట గోడ మీద పసుపు రంగు గీత కనిపిస్తుంది. దీన్ని కొవ్వు చార అంటారు. ఇదే మొదటి మెట్టు. నొప్పి ఉండదు. ఆయాసం ఉండదు. దారి కూడా సన్నబడదు. అందుకే ఎవరికీ తెలీదు.

ఎన్నేళ్ళు పడుతుంది?

1953 లో అమెరికా డాక్టర్లు ముగ్గురు ఒక సంగతి రాసేరు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలు వాళ్ళు పరీక్షించేరు. ఆ సైనికుల సగటు వయసు 22. జబ్బులేని కుర్రాళ్ళు, బరువులు మోసి పరుగెత్తినవాళ్ళు. వాళ్ళలో నూటికి 77 మంది కరోనరీ ధమనుల్లో జబ్బు గుర్తులు కంటికి కనిపించేయి. అది చదివి లోకం ఆశ్చర్యపోయింది. తరవాత ప్రమాదాల్లో చనిపోయిన పిల్లలను పరీక్షించినప్పుడు, కొవ్వు చారలు చిన్నతనంలోనే, మన వయసులోనే ఉంటాయని తెలిసింది.

భయపడకండి. అన్ని చారలూ జబ్బు కావు. చెత్త రావడం తగ్గితే, హెచ్.డి.ఎల్. మూటలు కొవ్వుని వెనక్కి తీసుకెళ్తాయి. కణాలు తేలికపడతాయి. కొన్ని చారలు మాసిపోతాయి.

తగ్గకపోతే, ఏళ్ళ తరబడి నురగ కణాలు అక్కడే చచ్చిపోతాయి. చచ్చినవాటిని ఎత్తడానికి వచ్చినవీ చాలవు. గోడలో కొవ్వు, చచ్చిన కణాలు కలిసి మెత్తని ముద్ద తయారవుతుంది. నడిమి పొరలోని కండర కణాలు పైకి వచ్చి ఆ ముద్ద మీద గట్టి మూత కడతాయి. అది మంచిదే. కాని రెచ్చిపోయిన భక్షక కణాలు విడిచే రసాలు ఆ మూతని కొరుకుతాయి. ఒకరోజు మూత పగులుతుంది. లోపలి ముద్ద రక్తానికి తగులుతుంది. గాయం అనుకొని రక్తం అక్కడ గడ్డ కడుతుంది. రీఫిల్ అంత దారి నిమిషాల్లో మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

ఇప్పుడు మీకు నా ప్రశ్నకి జవాబు తెలిసింది. చిన్నాన్న నాళం మూసుకున్నది ఆ తెల్లవారుజామునే. మొదటి చార పడినది మాత్రం ఆయన మన వయసులో ఉన్నప్పుడు అయి ఉంటుంది.

తప్పు కాపలా కణాలదా?

అలా అనకూడదు. అవి లేకపోతే చిన్న ముల్లు గుచ్చుకున్నా మనం బతకం. 2017 లో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అంతకుముందు గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులు అందులో ఉన్నారు. కొందరికి కొలెస్ట్రాల్ తగ్గించకుండా, కాపలా కణాలు పంపే ఒక కబురుని మాత్రం ఆపే మందు ఇచ్చేరు. గుండెపోటు, పక్షవాతం వంటివి నూటికి 15 వంతులు తగ్గేయి. అంటే ఈ జబ్బులో కాపలా కణాల పాత్ర నిజమేనని రుజువైంది. కాని ఆ మందు తీసుకున్నవాళ్ళలో క్రిముల వల్ల చనిపోయినవాళ్ళు కొంచెం పెరిగేరు. కాపలావాళ్ళని ఆపితే దొంగలు దూరతారు కదా.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశంలో చిమానే అనే ఆదివాసులు ఉన్నారు. మనలాగే అడవిలో పంట వేస్తారు, చేపలు పడతారు, వేటాడతారు. కర్రపెండలం, వరి, అరటి తింటారు. రోజంతా నడుస్తారు. పొగ తాగడం చాలా తక్కువ. వాళ్ళలో 40 ఏళ్ళు దాటిన 705 మంది గుండెలను స్కానింగ్ తీసి 2017 లో ఫలితం చెప్పేరు. నూటికి 85 మంది కరోనరీ ధమనుల్లో సున్నం పట్టిన గుర్తే లేదు. వాళ్ళకి జ్వరాలు, కడుపులో పురుగులు ఎక్కువే, అంటే కాపలా కణాలు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. అయినా ధమనులు శుభ్రంగా ఉన్నాయి. వాళ్ళ రక్తంలో ఎల్.డి.ఎల్. తక్కువ. అలుకు కింద చెత్త చేరకపోతే, కాపలావాళ్ళు ఎంతమంది ఉన్నా ఇరుక్కుపోరు. నాకు అర్థమైనది ఇదే.

మరి మా చిన్నాన్న కూడా కొండ ఎక్కేవాడే కదా? టీచరుగారు అడిగేరు, "పొగ తాగేవాడా?" అని. పన్నెండో ఏట నుంచి చుట్ట, తరవాత బీడీ. రోజుకి రెండు కట్టలు. బి.పి. ఒక్కసారి కూడా చూపించుకోలేదు. సన్నగా ఉంటే ధమనులు బాగుంటాయని ఏమీ లేదు. కొందరికి పుట్టుకతోనే ఎల్.డి.ఎల్. ఎక్కువ ఉంటుంది కూడా.

మనం ఏం చెయ్యాలి?

చుట్ట, బీడీ, ఖైనీ జోలికి పోవద్దు. ఎవరైనా "ఒక్కసారి రుచి చూడు" అన్నా వద్దు. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి, నాయనకి బి.పి., షుగరు చూపించండి. చోడి అంబలి, సామలు, కూరాకులు నామోషీ అనుకోకండి. సంతలో మాడిన నూనెలో వేయించినవి రోజూ తినకండి. నడక మనకి ఎలాగూ ఉంది, అది విడవకండి.

మిట్ట ఎక్కేటప్పుడు గుండె పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది అలుపు అని ఊరుకోకండి. దారి సన్నబడిందని గుండె చెప్తున్న మాట కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చెమటలు పట్టి గుండెల్లో బరువు వస్తే నడిపించకండి. 108 కి ఫోను చేసి, మోసుకొని వెంటనే తీసుకెళ్ళండి.

ఇది రాస్తుంటే నాకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. "మిట్ట ఎక్కితే ఆయాసపడతన్నావు, గుండె పట్టుకుంటన్నావు" అని ఆవిడ అన్నది శాపం కాదు. అది జబ్బు లక్షణం. ఊరంతటిలో దాన్ని చూసినది ఆవిడ ఒక్కర్తే. మేమెవ్వరం చూడలేదు. ముప్పై ఏళ్ళ కిందట మొదలైన జబ్బుకి, వారం కిందట గెడ్డ దగ్గర అన్న మాటకి ఏం సంబంధం?

మా నాయనకి ఫోనులో చెప్పేను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నువ్వొచ్చినప్పుడు నలుగురిలో చెప్పమ్మా, నాకు చెప్పడం రాదు" అన్నాడు. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఈ బొమ్మ కూడా తీసుకెళ్తాను. ముందు అమ్మమ్మ ఇంటికి వెళ్తాను. ఆవిడ నన్ను లోపలికి రానిస్తుందో లేదో తెలీదు. రానివ్వకపోయినా గుమ్మంలో కూర్చుంటాను.

మీ ఊళ్ళలో కూడా ఇలాంటి మాట ఎవరి మీదైనా పడి ఉంటే, ఈ వ్యాసం చదివి వినిపించండి.

చెల్లెళ్ళకు ప్రశ్నలు (జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి):
1. మోనోసైట్లు గోడలోకి దిగిన తరవాత ఏ కణాలుగా మారతాయి?
2. నురగ కణానికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
3. చిమానే ఆదివాసుల్లో కాపలా కణాలు ఎప్పుడూ పనిలో ఉన్నా ధమనులు ఎందుకు శుభ్రంగా ఉన్నాయి?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని